ఎముక అతికిందో లేదో ఎలా తేల్చారు: కాలి ఫ్రేమ్ తీయించుకునే ముందు నా అనుభవం

కాలికి రింగుల ఫ్రేమ్ వేసుకుని ఉన్నవాళ్ల కోసం, వాళ్లను చూసుకుంటున్న ఇంట్లోవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఆపరేషన్ గురించి, డ్రెస్సింగ్ గురించి చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. కానీ "ఎముక అతికింది, ఇక తీసేయొచ్చు" అని డాక్టరు ఏం చూసి అంటారు, అన్నీ బాగున్నట్టు కనిపిస్తున్నా ఇంకో నెల ఆగమని ఎందుకంటారు అనేది నాకు ముందుగా ఎవరూ చెప్పలేదు. నా కాలి విషయంలో ఆ ఒక్క నిర్ణయానికే దాదాపు మూడు నెలలు పట్టింది, అందులో ఒకసారి తీసేదాకా వచ్చి ఆగిపోయాం. ఆ మూడు నెలలు నేను పడ్డ టెన్షన్‌లో సగం, జరుగుతున్నదేంటో తెలియకపోవడం వల్లే.

బండి జారి పడ్డాను. మోకాలికీ చీలమండకీ మధ్య, కింది భాగంలో రెండు ఎముకలూ విరిగాయి, పెద్దెముక, అంటే టిబియా, చర్మం చీల్చుకుని బయటికి వచ్చింది. గాయంలో మట్టి చేరింది కాబట్టి లోపల ప్లేటు పెడితే ఇన్‌ఫెక్షన్ భయం అన్నారు. రెండుసార్లు గాయం కడిగి, ఎముకను బయటి నుంచి పట్టి ఉంచే ఇలిజరోవ్ ఫ్రేమ్ వేశారు. నాలుగు రింగులు, ఎముకలోంచి అడ్డంగా దూసుకెళ్లే సన్నటి తీగలు, కొన్ని లావు పిన్నులు, రింగులను కలిపే నిలువు కడ్డీలు. 1950ల మొదట్లో సైబీరియాలోని కుర్గాన్‌లో గవ్రీల్ ఇలిజరోవ్ అనే డాక్టరు మొదలుపెట్టిన పద్ధతి ఇది. బయటి ప్రపంచం దీన్ని గట్టిగా పట్టించుకున్నది 1980లో, ఏళ్ల తరబడి సరిగ్గా మానని కాలితో కార్లో మౌరీ అనే ఇటలీ పర్వతారోహకుడు ఆయన దగ్గరికి వెళ్లి బాగుచేయించుకున్నాక. మంచం మీద పడుకుని అది చదివిన రోజు నాకు చాలా ధైర్యం వచ్చింది, అందుకే ఇక్కడ రాశాను.

"డాక్టర్ గారూ, ఎప్పుడు తీస్తారు?" మొదటి రోజు నుంచీ ప్రతిసారీ అడిగింది ఇదే. నాలుగు నుంచి ఆరు నెలలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా ఆశ్చర్యపోకండి అన్నారు. నేను మాత్రం నాలుగు అన్న మాటే పట్టుకున్నాను. తమ్ముడు ఫోన్‌లో తేదీ పెట్టేశాడు కూడా.

ఆరో వారం తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. విరిగిన చోట నల్ల గీత ఎలా ఉందో అలాగే ఉంది. ఇంటికి వచ్చి ఏడ్చాను. తర్వాత ఫిజియోథెరపిస్ట్ గారు వివరంగా చెప్పారు, విరిగిన చోట మొదట రక్తం గడ్డకడుతుంది, తర్వాత అక్కడ మెత్తటి కణజాలం, మృదులాస్థి లాంటిది పుడుతుంది, దాంట్లో కాల్షియం చేరి గట్టిపడితేనే ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, అంటే లోపల పని మొదలైన చాలా రోజులకు గానీ ఫిల్ము మీద ఆనవాలు రాదు అని. ఆ కొత్త ఎముకనే కాలస్ అంటారు. పదో వారంలో గీత చుట్టూ పల్చటి మబ్బులా ఏదో కనిపించింది. పదహారో వారానికి మబ్బు చిక్కబడింది.

ఈలోపు నా పని నడవడం. ఫ్రేమ్ ఉన్న కాలి మీద బరువు వేయాలంటే ప్రాణం పోయినంత భయం. కానీ రింగు ఫ్రేమ్ గొప్పతనమే అది, బరువు వేసినప్పుడు తీగలు కొద్దిగా స్ప్రింగులా సాగి, విరిగిన చోట కంటికి కనిపించనంత చిన్న కదలిక పైకీ కిందకీ వస్తుంది, కొత్త ఎముక పుట్టడానికి అది ప్రేరణ. ఎంత బరువు వేస్తున్నానో నాకు నేనుగా తెలిసేది కాదు. అందుకని బరువు చూసే మెషీన్ మీద ఫ్రేమ్ కాలు, పక్కన అంతే ఎత్తు పుస్తకాల దొంతి మీద మంచి కాలు పెట్టి నిలబడమన్నారు. ముల్లు ఎక్కడిదాకా వెళ్తుందో చూస్తూ పదిహేను కిలోలు అంటే ఇంత, ముప్ఫై కిలోలు అంటే ఇంత అని కాలికి నేర్పుకున్నాను. తర్వాత ఫ్రేమ్ తీసే పరీక్షలప్పుడు ఈ అలవాటే నాకు బాగా పనికొచ్చింది.

ఇరవై రెండో వారం. ముందు నుంచి తీసిన ఎక్స్‌రే చూస్తే నాకే అర్థమైంది, రెండు పక్కలా తెల్లటి వంతెన కట్టినట్టు ఎముక కలిసిపోయింది. నల్ల గీత లేదు. ఆ ఒక్క ఫిల్ము ఫోటో తీసి, తెలిసినవాళ్ల ద్వారా వేరే ఆసుపత్రిలో ఒక డాక్టరుకు పంపించాం. "బాగా అతికింది, తీసేయొచ్చు" అని జవాబు వచ్చింది. కాలు చూడలేదు, నన్ను నడిపించలేదు, రెండో ఫిల్ము అడగలేదు. ఆ మాట పట్టుకుని నేను మా డాక్టర్ గారి ముందు కూర్చుని "మీరెందుకు ఆలస్యం చేస్తున్నారు" అన్నంత పని చేశాను. ఆయన విసుక్కోలేదు. ఫిల్ములన్నీ లైటు బోర్డు మీద పెట్టి, దాదాపు పావుగంట నాకు చూపించారు. ఆ పావుగంటలో నేర్చుకున్నది మీకు చెప్పడం కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఎముకను ఒక గొట్టం అనుకోండి. దానికి నాలుగు గోడలు, ముందు, వెనక, లోపలి పక్క, బయటి పక్క. ఎక్స్‌రే అంటే నీడ. ముందు నుంచి తీస్తే లోపలి పక్క, బయటి పక్క గోడలు మాత్రమే అంచుల్లో స్పష్టంగా కనిపిస్తాయి. ముందు గోడ, వెనక గోడ ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి, వాటి మధ్య ఎంత సందు ఉన్నా తెలియదు. అవి చూడాలంటే పక్క నుంచి తీయాలి. నేను గర్వంగా అందరికీ పంపిన ఫిల్ము సగం కథే చెప్పింది. పక్క నుంచి తీసినదాంట్లో ముందు గోడ కలిసింది, వెనక గోడ దగ్గర మాత్రం సరిగ్గా ఒక కడ్డీ నీడ అడ్డం పడి ఏమీ కనిపించడం లేదు. "ఇక్కడ ఏముందో నాకూ తెలియదమ్మా, తెలియనిదాన్ని అతికిందని ఎలా రాయను?" అన్నారు.

కాలు కొంచెం తిప్పి, కడ్డీల సందులోంచి ఏటవాలుగా ఇంకో రెండు ఫిల్ములు తీయించారు. అప్పుడు కనిపించింది. వెనక, బయటివైపు మూల దగ్గర నల్లటి సందు, ఇంచుమించు గోరంత, రెండు వైపుల నుంచీ కాలస్ వచ్చి ఆగిపోయి ఉంది.

నాలుగు గోడల్లో కనీసం మూడు కలిశాయని రెండు దిక్కుల ఫిల్ముల్లోనూ నమ్మకంగా కనిపించాలని చాలామంది ఆర్థో డాక్టర్లు పెట్టుకునే కొలత. దానికి రస్ట్ స్కోర్ అని ఒక లెక్క కూడా ఉంది, టిబియా కోసం తయారుచేసింది. ఒక్కో గోడకి కాలస్ లేకుండా గీత కనిపిస్తుంటే 1, కాలస్ వచ్చినా గీత ఇంకా కనిపిస్తుంటే 2, కాలస్ వంతెన కట్టి గీత మాయమైతే 3. నాలుగు గోడలూ కలిపి తక్కువలో తక్కువ 4, ఎక్కువలో ఎక్కువ 12. నాకు ఆ రోజు 10 వేశారు. పన్నెండుకి పది బాగానే ఉంది కదా అన్నాను. నిజానికి ఆ స్కోరు ఎముక లోపల రాడ్ వేసినవాళ్ల కోసం మొదలైందట, రాడ్ లోపలే ఉండిపోతుంది కాబట్టి ఎముక ఇంకొంచెం బలపడేదాకా అది తోడుంటుంది. ఫ్రేమ్ అలా కాదు, తీసిన క్షణం నుంచీ మొత్తం బరువు ఎముకే మోయాలి. అందుకే స్కోరు ఒక ఆధారం మాత్రమే, దాన్ని బట్టే తీయను అన్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఎముక కలిసినట్టు కనిపించడం వేరు, బరువుకు తట్టుకునే గట్టిదనం రావడం వేరు. ఫిల్ము ఆకారాన్ని చూపిస్తుంది, బలాన్ని చూపించదు. బలాన్ని నేరుగా కొలిచే పద్ధతులు కూడా ఉన్నాయి. కాలిని కొద్దిగా వంచే బలం పెట్టి ఎన్ని డిగ్రీలు వంగుతుందో చూసి, డిగ్రీకి 15 న్యూటన్ మీటర్ల గట్టిదనం వస్తే టిబియా అతికినట్టు లెక్కించవచ్చని 1994లో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించారు. కొన్నిచోట్ల కడ్డీల్లో చిన్న సెన్సర్ పెట్టి, నిలబడినప్పుడు బరువులో ఎంత వంతు ఫ్రేమ్ మోస్తోంది, ఎంత ఎముక మోస్తోంది అని చూస్తారు. ఎముక బలపడే కొద్దీ ఫ్రేమ్ వంతు తగ్గుతూ వస్తుంది. మేం వెళ్లిన చోట ఆ పరికరాలేవీ లేవు. ఉన్నవి డాక్టర్ గారి చేతులు, నా నొప్పి, ఓపిక. వాటితోనే ఇదే ప్రశ్నను రకరకాలుగా అడగడం ఎలాగో తర్వాతి వారాల్లో చూశాను.

ముందు రక్త పరీక్షలు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ చేయించారు, లోపల ఎక్కడైనా ఇన్‌ఫెక్షన్ దాగి ఉంటే అతకడం ఆగిపోతుంది కాబట్టి. షుగర్ చూశారు. విటమిన్ డి తక్కువగా ఉంటే మందు మొదలుపెట్టారు. నొప్పి మాత్రలు ఏవి వాడుతున్నానో పేరు పేరునా అడిగి, వాపు తగ్గించే రకం మాత్రలు సొంతంగా వేసుకోవద్దన్నారు, అవి కొందరిలో ఎముక అతకడాన్ని నెమ్మదింపజేయవచ్చని. సిగరెట్ గురించి కూడా అడిగారు. నాకు ఆ అలవాటు లేదు. ఉన్నవాళ్లు మాత్రం దయచేసి ఫ్రేమ్ ఉన్నన్నాళ్లయినా మానేయండి. పొగ వల్ల ఎముక ఆలస్యంగా అతుకుతుందన్నది బాగా రుజువైన సంగతి.

తర్వాత పిన్నులు. నాకు పై రింగు దగ్గర ఒక పిన్ను చుట్టూ ఎర్రబడి, పసుపు నీరు కారుతుండేది. అది ఎక్స్‌రేలో చూస్తే పిన్ను చుట్టూ నల్లటి వలయంలా ఉంది, అంటే పిన్ను ఎముకలో వదులైంది. దీన్ని ముందు సరిచేయాలన్నారు. ఎందుకంటే పిన్నే వదులుగా ఉంటే ఫ్రేమ్ ఎముకను సరిగ్గా పట్టుకోదు, నడిస్తే నొప్పి వస్తుంది, ఆ నొప్పి విరిగిన చోటుదా పిన్నుదా అని తేల్చలేం. ఆ ఒక్క పిన్ను తీసేసి, యాంటీబయాటిక్ ఇచ్చి, పది రోజుల్లో ఆరిపోయాకే మిగతా పరీక్షల మాట ఎత్తారు. ఆ పది రోజులు నాకు శుద్ధ దండగ అనిపించాయి. ఇప్పుడు అలా అనుకోవడం లేదు.

నొప్పిని వేరుచేసి చెప్పడం నేర్చుకోండి, ఇది నా గట్టి సలహా. పిన్ను నొప్పి పైపైన ఉంటుంది, చర్మం లాగినట్టు, మండినట్టు, మోకాలో చీలమండో కదిపినప్పుడు ఎక్కువవుతుంది, వేలు పెట్టి చూపించగలం. విరిగిన చోటి నొప్పి లోతుగా, మొద్దుగా ఉంటుంది, బరువు వేసినప్పుడే వస్తుంది, ఎప్పుడూ అదే చోట, నడిచాక సాయంత్రానికి పెరుగుతుంది. నేను ఒక నోటుబుక్కులో రోజూ మూడు ముక్కలు రాసుకునేదాన్ని, ఎంత నడిచాను, ఎన్ని కిలోలు వేశాను, నొప్పి ఎక్కడ. డాక్టర్ గారు వచ్చిన ప్రతిసారీ ముందు ఆ పుస్తకమే చూసేవారు.

ఇరవై నాలుగో వారంలో మొదటి ట్రయల్. డైనమైజేషన్ అంటారు. విరిగిన చోటుకు పైన ఉన్న రింగుకీ కింద ఉన్న రింగుకీ మధ్య కడ్డీల నట్లు కొద్దిగా వదులు చేసి, ఫ్రేమ్ మోస్తున్న బరువులో కొంత ఎముక మీదకి వదిలేస్తారు. ఫ్రేమ్ కాలికే ఉంటుంది, పని మాత్రం తగ్గించుకుంటుంది. రెండు మూడు వారాలు అలా నడిచి, మళ్లీ ఎక్స్‌రే తీసి, ముందు ఫిల్ముతో పోల్చి, ఎముక వంగకుండా ఉంటే తీసేస్తారు. రెంచీతో నట్లు తిప్పడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. వదులు చేశాక మా డాక్టర్ గారు ఒక చేత్తో మోకాలి కింద, ఇంకో చేత్తో చీలమండ పైన పట్టుకుని మెల్లగా పక్కలకి, ముందుకి వెనక్కి వంచి చూశారు. తర్వాత ముందెముక అంచు మీద బొటనవేలితో పై నుంచి కిందకి నొక్కుతూ వచ్చారు. విరిగిన చోట కొద్దిగా సలుపు అనిపించింది. అయినా ఏం లేదన్నాను.

అది నేను చేసిన తప్పు. ఎంత ఆశగా ఉన్నా ఆ గదిలో నొప్పి దాచొద్దు.

మొదటి రెండు రోజులు బాగానే నడిచాను. మూడో రోజు సాయంత్రం అదే లోతు నొప్పి మొదలైంది. బరువు మెషీన్ మీద నిలబడితే అంతకు ముందు నలభై కిలోలు సులభంగా వేసే కాలు ఇరవై దగ్గరే వెనక్కి లాక్కుంటోంది. నాలుగో రోజు పొద్దున విరిగిన చోట వాపు, వేడి. "అక్కా, ట్రయల్ పోయినట్టే, ఇప్పుడే ఫోన్ చేద్దాం" అన్నాడు తమ్ముడు. నేను ఇంకో రెండు రోజులు చూద్దామన్నాను, వాడు వినలేదు, చేసేశాడు. వాడు చేసిన మంచి పనుల్లో అది ముందుంటుంది. ఎక్స్‌రేలో రెండు మూడు డిగ్రీల వంపు కనిపించింది, ఆ వెనక మూల సందు వైపుకే. అదే రోజు కడ్డీలు సరిచేసి, వంపు సరిదిద్ది, నట్లన్నీ మళ్లీ బిగించారు.

ఫ్రేమ్ మొత్తం తీసేశాక అదే వంపు వచ్చి ఉంటే? మళ్లీ విరగడం, వంకరగా అతకడం, మళ్లీ ఆపరేషన్, మళ్లీ మొదటి రోజు. ఫోటో చూసి తీసేయొచ్చన్న మాట నేను వినుంటే నాకు జరిగేది అదే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, నిరాశతో కాదు, ఎంత దగ్గరగా తప్పించుకున్నానో తలుచుకుని.

తర్వాత ఎనిమిది వారాలు. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. నడవడం, పిన్నులు శుభ్రం చేయడం, నోటుబుక్కు. ఒకసారి మాత్రం ఆ సందు దగ్గర ఎముక ముక్క తెచ్చి పెట్టాల్సి రావచ్చేమో అని డాక్టర్ గారు అన్నారు, ఇంకా పూడకపోతే. తొమ్మిది నెలలైనా అతకకుండా, చివరి మూడు నెలల్లో ఏ మార్పూ లేకపోతే దాన్ని నాన్ యూనియన్ అంటారట. నాది అక్కడిదాకా రాలేదు, ప్రతి ఫిల్ములోనూ సందు కొద్దికొద్దిగా చిన్నదవుతూనే ఉంది. కదులుతున్నంతకాలం ఆగుదాం అన్నారు.

ముప్ఫై రెండో వారంలో సీటీ స్కాన్ తీయించారు. నేను ఇదే ముందు చేసి ఉండాల్సింది కదా అని అడిగాను. స్కాన్‌లో లోహం చుట్టూ చారలు చారలుగా పడి బొమ్మ పాడవుతుంది, రేడియేషన్ కూడా ఎక్కువ, అందుకని ఎక్స్‌రేలో తేలనప్పుడే, సమాధానం వల్ల నిర్ణయం మారుతుందన్నప్పుడే తీయిస్తారు. అదృష్టం కొద్దీ నా సందు రెండు రింగుల మధ్య ఖాళీలో పడింది, చారలు అంతగా రాలేదు. పొరలు పొరలుగా చూపించారు. వెనక మూలలో అడ్డంగా ఎముక కలిసిపోయింది, ఒకటి రెండు పొరల్లో మాత్రం చిన్న చుక్కంత నలుపు మిగిలింది. అది చాలు అన్నారు.

అదే రోజు రెండో ట్రయల్. ఈసారి నట్లు వదులు చేయడంతో ఆపలేదు, నాలుగు కడ్డీల్లో రెండు తీసేసి, మిగతా రెండూ పైకీ కిందకీ జారేలా వదిలారు. మళ్లీ చేతులతో వంచి చూశారు. నేను కళ్లు మూసుకుని నిజంగా వెతికాను, నొప్పి ఉందా అని. లేదు. బొటనవేలు నొక్కినప్పుడు ఆ చోట గట్టి ఉబ్బు తగిలింది, నొప్పి లేని ఉబ్బు. గది బయట వరండాలో కర్రలు లేకుండా అటూ ఇటూ నడిపించారు, ఒంటికాలి మీద, అంటే ఫ్రేమ్ కాలి మీదే, కొన్ని క్షణాలు నిలబడమన్నారు. పక్కన ఫిజియోథెరపిస్ట్ గారు చేతులు చాపి నిలబడ్డారు. నిలబడ్డాను.

రెండు వారాలు పూర్తి బరువుతో నడిచాను. ప్రతి సాయంత్రం భయం భయంగా ఆ చోట చెయ్యి పెట్టి వేడి ఉందేమో చూసుకునేదాన్ని. మూడో రోజు దాటింది, వారం దాటింది. ముప్ఫై నాలుగో వారం ఎక్స్‌రేలు మళ్లీ అన్ని దిక్కుల నుంచీ తీసి, ట్రయల్‌కి ముందు ఫిల్ముల పక్కన పెట్టి, ఎముక మధ్యగా పెన్సిల్‌తో గీతలు గీసి కోణం కొలిచారు. తేడా లేదు.

తీసేది కూడా ఒక్కసారిగా తీయలేదు, ఇది నాకు బాగా నచ్చింది. ఆపరేషన్ థియేటర్లో కొంచెం మత్తు ఇచ్చారు, పూర్తిగా కాదు. మొదట కడ్డీలు మాత్రమే తీశారు, రింగులూ తీగలూ కాలికే ఉన్నాయి. అప్పుడు సీ-ఆర్మ్ కింద, కదులుతున్న ఎక్స్‌రే తెర మీద చూస్తూ, కాలిని నాలుగు వైపులా వంచారు. ఏమాత్రం కదిలినా కడ్డీలు మళ్లీ బిగించేస్తానని ముందే చెప్పి సంతకం తీసుకున్నారు. మగతలోనే అడిగాను, "కదిలిందా డాక్టర్ గారూ?" "లేదమ్మా, ఒక్క ముక్కలా కదులుతోంది" అన్నారు. ఆ మాట కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశాను. ఆ తర్వాతే తీగలు ఒకవైపు చర్మం దగ్గరగా కత్తిరించి, బయట ఉన్న భాగం మందుతో శుభ్రం చేసి, రెండోవైపు నుంచి లాగారు, బయటి మురికి ఎముకలోంచి వెళ్లకుండా. పూస ఉన్న తీగలను పూస ఉన్నవైపు నుంచే లాగాలి. లావు పిన్నులు మరతో తిప్పినట్టు తిప్పి తీస్తారు. అవి తీసేటప్పుడు మత్తులో కూడా బరువైన లాగుడు తెలిసింది. రంధ్రాలకు కుట్లు వేయలేదు, డ్రెస్సింగ్ వేసి వదిలేశారు, రెండు వారాల్లో వాటంతటవే మూసుకున్నాయి.

ఫ్రేమ్ పోయింది కదా అని పరిగెత్తొద్దని అందరికీ చెప్తాను. పిన్నులు ఉన్న చోట ఎముకలో రంధ్రాలు మిగులుతాయి, మెలి తిరిగితే ఎముక అక్కడే పగిలే ప్రమాదం ఉంది. నాకు మోకాలి కింద నుంచి చీలమండ దాకా పట్టే ప్లాస్టిక్ బ్రేస్ వేశారు. మళ్లీ కర్రలు, మళ్లీ సగం బరువు, మళ్లీ మెషీన్ మీద నిలబడి నేర్చుకోవడం. మొదటి వారం కాలు గాలిలో తేలినట్టు తేలిగ్గా ఉండి, దాన్ని నమ్మలేక ప్రతి అడుగూ చూసుకుని వేశాను. చీలమండ బిగుసుకుపోయి ఉంది, సాయంత్రానికి పాదం వాచేది. అది మామూలే అన్నారు, అదే చోట లోతు నొప్పి గానీ వంపు గానీ కనిపిస్తే మాత్రం ఆ రోజే రమ్మన్నారు. నోటుబుక్కు ఆపలేదు.

నాలుగో వారం ఒక ఎక్స్‌రే, ఎనిమిదో వారం ఇంకొకటి, రెండింట్లోనూ కోణం మారలేదు. పన్నెండో వారం ఫిల్ములో వెనక గోడ మీద ఆ నల్ల చుక్క ఎక్కడుండేదో నాకు దొరకలేదు, డాక్టర్ గారే వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది. పిన్నుల రంధ్రాలు మాత్రం వరసగా బూడిద రంగు మచ్చల్లా ఇంకా కనిపిస్తున్నాయి, అవి పూడేదాకా దూకడం, పరుగు వద్దన్నారు. బ్రేస్ అక్కడే విప్పి తమ్ముడి చేతికిచ్చి, కర్రలు లేకుండా వరండా చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను.